పత్తిచేలో ఈనిన ఆవు

ఎనభైల మొదట్లో మా ఇంట్లో రెండు పశువులుండేవి. కొట్టంలో బర్రె, బయట వేపచెట్టు కింద ఆవు. బర్రెను మామయ్య అంగడి నుంచి కొత్తగా తోలుకొచ్చాడు. సూడి బర్రె అని, నెలలు నిండుతున్నాయని అమ్మినవాడు చెప్పాడట. ఆవు మా ఇంట్లోనే పుట్టి పెరిగింది. పాలు ఎండిపోయి చాలాకాలమైంది, ఇక అది ఈనదని అందరూ వదిలేశారు.

టౌన్‌లో, సుబేదారిలో అద్దె ఇంట్లో పెరిగిన నేను తొర్రూరు దగ్గరి ఆ ఊరికి కోడలిగా వచ్చి అప్పటికి ఆరేళ్ళవుతోంది. పిల్లలు కాలేదు.

బర్రె వచ్చిన మర్నాడు కుడితి బకెట్ పట్టుకుని కొట్టంలోకి పోబోతే అత్తమ్మ ఎదురొచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకుంది.

"నువ్వు ఇటు రాకు బిడ్డా. తప్పుగ అనుకోకు. ఈనేదాకనే. నలుగురు నాలుగు తీర్ల అంటరు."

ఆమె మంచిది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. అంత మెల్లగా చెప్పేసరికి తలూపి వెనక్కి వచ్చాను. మామయ్య అది చూసి, "పోనీ నువ్వు ఆవును చూస్కో. అదెట్లాగూ గొడ్డుదే గదా," అన్నాడు. అన్నాక ఆ మాట ఎక్కడ తగిలిందో ఆయనకే తెలిసింది. బీడీ కోసం జేబు తడుముకుంటూ బయటికి నడిచాడు.

బర్రెకు తవుడు, పిండిచెక్క, ఉలవలు. వాడకట్టందరికీ జున్ను పంచుతానని అత్తమ్మ ముందే మాటిచ్చేసింది. వారాలు గడిచాయి. బర్రె నున్నగా నిగనిగలాడింది కానీ ఈనలేదు. చివరికి మామయ్య పశువుల డాక్టర్‌ను పిలుచుకొచ్చాడు. వాకిట్లో జనం చేరారు. డాక్టర్ మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసి, నీళ్ళడిగి కడుక్కున్నాడు.

"సూడి లేదు, గీడి లేదు పెద్దయ్యా. మంచిగ మేపినవ్, బలిసింది. అంతే."

ఎవరో పక్కున నవ్వారు. మామయ్య మొహం మాడిపోయింది. పక్కింటి ముసలమ్మ మాత్రం నవ్వలేదు. "ఎవరి కండ్లు వడ్డయో ఏమో," అని నా వైపు చూసింది. కడుపే లేని బర్రెకు నా దిష్టి ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నిజంగానే నేనేదో చేసినట్టు తల దించుకుని లోపలికి పోయాను. అప్పటి నుంచి నీళ్ళకు దొడ్డిదారిన పోయేదాన్ని.

ఆ రోజుల్లోనే ఆవు పొదుగు గట్టిపడటం చూశాను. పక్కలు జారాయి. కోతలయ్యాక మందలో వదిలినప్పుడు ఎప్పుడో సూడి కట్టి ఉంటుంది, దాన్ని పట్టించుకున్నదెవరు? ఇంట్లో చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. నా నోట వచ్చిన మాటకు ఏదైనా అయితే? మింగేశాను.

ఒకరోజు పత్తి ఏరడానికి పోతూ ఆవును వెంట తోలుకెళ్ళి గట్టు మీద మేతకు వదిలాను. పొద్దెక్కేసరికి పత్తి సాళ్ళ మధ్యకు వచ్చి పడుకుని మూలగసాగింది. పోయి చూస్తే రెండు ముందు గిట్టలు, వాటి మీద ముట్టె బయటికొచ్చి ఆగిపోయాయి. మామయ్య అవతలి చెలకలో ఉన్నాడు. మా ఆయన కేసముద్రంలో పనికి పోయాడు. కేకలేశాను, ఎవరూ పలకలేదు. గిట్టలు చేతికి జారుతుంటే కొంగు చుట్టి పట్టుకుని, ఆవు ముక్కినప్పుడల్లా లాగాను. ఒక్కసారిగా దూడ నా ఒళ్ళోకి జారింది. ముక్కులో జిగురు తీసేశాను. తుమ్మింది. పెయ్యదూడ.

అంత సంతోషం అంతకుముందు ఎరగను. అది కాసేపే. ముందు ముట్టింది నేనేనని తెలిస్తే ఏమంటారోనన్న భయం పట్టుకుంది. కాలువ దగ్గరికి ఉరికి చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి పోయి చెప్పాను.

"ఆవు ఈనింది అత్తమ్మా. నేను దగ్గరికి పోలే. దూరం నుంచే చూసిన."

మామయ్య సంగతి విని చిన్నపిల్లాడిలా పరుగెత్తుకొచ్చాడు. నా వెంట చేనుకొచ్చిన అత్తమ్మ దూడను చూసింది, తర్వాత నా కొంగు చూసింది. నెత్తురు మరకలు నేను గమనించుకోనేలేదు.

"నువ్వే గుంజినవా?"

"లేదత్తమ్మా. ఒట్టు."

నా చేతులు పట్టుకుని ఆమె సాలులోనే కూలబడింది. "నీ చేత ఒట్టు గూడ ఏయించిన," అని ఏడ్చింది. నేను ఆవు వైపు చూస్తూ నిలబడ్డాను.

జున్ను వండిన రోజు అత్తమ్మ గిన్నె నా చేతికే ఇచ్చి, "మొదలు పక్కింట్ల ఇచ్చి రా. నువ్వే గుంజినవని చెప్పు," అంది. పోయాను. ముసలమ్మ లోపల ఎవరితోనో మాట్లాడుతోంది. పిలవడానికి నోరు రాలేదు. గిన్నె అరుగు మీద పెట్టి వచ్చేశాను. "చెప్పినవా?" అని అత్తమ్మ అడిగితే తలూపాను.

మాకు ఆ తర్వాత కూడా పిల్లలు కాలేదు. ఇంట్లో ఏ పశువు ఈనినా అత్తమ్మ నన్నే పిలిచేది. పోయేదాన్ని, చేతనైనంత చేసేదాన్ని. అయితే వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడైనా వినబడితే చాలు, ఎవరూ పొమ్మనకుండానే లేచి గోడ పక్కకు తప్పుకునేదాన్ని.