అమ్మ నా పేపరు మీద రాయని ప్రశ్నలు

తొమ్మిదో తరగతిలో మాకు సోషల్ చెప్పింది మా అమ్మే. బడిలో ఆమెను నేను కూడా అందరిలాగే "టీచర్" అనాలి. మహబూబ్‌నగర్‌కు దగ్గరి ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్ అది. తెలంగాణ వచ్చిన కొత్త. ఊరికే మార్కులు వేసి వదిలేస్తే సరిపోయేది కాదు. పిల్లలు స్లిప్‌టెస్టులు, ప్రాజెక్టులు రాస్తే, వాటి కింద టీచరు తన మాట కూడా రాయాలి. అమ్మ ఆ పని ఎంతో ఇష్టంగా చేసేది. నా బాధంతా అక్కడే మొదలైంది.

వలసల పాఠం అయ్యాక, "మీ ఇంట్ల పని కోసం ఊరిడిసి పోయినోళ్లుంటే అడిగి రాయుండ్రి" అంది. నేను పుస్తకంలో ఉన్నదంతా గుండ్రటి అక్షరాలతో దించి, స్కెచ్‌పెన్నులతో మ్యాపు కూడా వేశాను. నా వెనక బెంచీ అమ్మాయి వంకర టింకరగా ఒక్క పేజీ రాసింది. వాళ్లమ్మా నాయినా షాద్‌నగర్ దగ్గర కంపెనీలో పనికి పోయిన సంగతి.

పేపర్లు తిరిగొచ్చాయి. నాకు నిండు మార్కులు, కింద ఒక సంతకం. ఆమెకు నాకంటే తక్కువే. కానీ పేజీ అంచు పొడుగునా అమ్మ ఎర్ర అక్షరాలున్నాయి. "భూమి ఉండగా ఎందుకు పోవాల్సి వచ్చింది? మీ అమ్మ కంటే ముందు ఇంకెవరైనా పోయారా? వాళ్లు లేనప్పుడు నీకు వండిపెట్టింది ఎవరు?"

ఆ చివరి ప్రశ్న చదివి నా కడుపు మండిపోయింది. ఆ పొద్దున నేను తిన్నానో లేదో అమ్మ అడగనేలేదు.

ఆ అమ్మాయి జవాబులు రాసుకొచ్చింది. అమ్మ మళ్లీ ఏదో అడిగింది. "టీచర్ ఇంకా రాయమన్నది" అని ఆమె పేపరును చేత్తో దాచుకుని నవ్వుతుంటే, ఆ నవ్వు చూడలేక ముందుకు తిరిగి కూర్చునేదాన్ని.

ఆదివారం అమ్మ పుంటికూర తెంపుతుంటే ఇక ఆగలేకపోయాను.

"గా పిల్లకు గంత రాస్తవు. నాకెందుకు రాయవు?"

"నీకు నిండ మార్కులేసిన గద."

"మార్కులు కాదమ్మా."

అమ్మ తలెత్తి చూసింది. "నీ దాంట్ల ఏమడగాలె? అంత బుక్కుల ఉన్నదే. బుక్కును పట్టుకొని ఏమడుగుత నేను?"

రోషంతో నేరుగా అరుగు మీద కూర్చున్న అవ్వ దగ్గరికి పోయాను. అవ్వంటే నాయిన తల్లి. "అవ్వా, నువ్వెన్నడన్న పనికి ఊరిడిసి పోయినవా?"

"పోకేంది! మేస్త్రి ఎంబడి కాల్వ తవ్వనీకి పోయినం. మీ నాయిన ఆడ్నే పుట్టిండు, గుడిసెల."

మా నాయిన గవర్నమెంటు ఉద్యోగి. ఈ మాట మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

"మరి ఎన్నడు చెప్పకపోతివి?"

"ఎవలడిగిన్రు బిడ్డా?"

అదంతా మళ్లీ రాసిచ్చాను. ఈసారి పేపరు కింద ఎర్ర అక్షరాలు కనిపించాయి. "ఈ సంగతి నాకూ తెలియదు. కాన్పు ఎవరు చేశారు? ఊరికి ఎప్పుడు తిరిగొచ్చారు?" కావాలనే వెనక బెంచీకి కనపడేలా పట్టుకుని చదివాను.

సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ అవ్వ ముందు నిలబడింది. "ఇన్నేండ్ల సంది నీ ఇంట్లనే ఉన్న గద, అత్తమ్మా. నాకొక్క మాట చెప్పకపోతివి. దానికి చెప్పినవు." ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. అన్ని రోజులుగా నేను మోస్తున్నదే అది.

అవ్వ నవ్వి పక్కకు జరిగింది. "రా, కూసో."

అమ్మ కూర్చుంది. ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉంది. అవ్వ అమ్మ చెయ్యి పట్టుకుని చెబుతోంది. నేను పెన్నుతో పక్కన నిలబడ్డాను.

"నేనడగాలె గద!" అన్నాను.

"నువ్వు రాస్కో" అంది అమ్మ, నావైపు తిరగకుండానే.

మూతి ముడుచుకునే రాశాను. చివరికి అమ్మ నాకు ఒక మార్కు తగ్గించింది. అవ్వ చెప్పిందాన్ని ఇంకొకరిని అడిగి సరిచూసుకోలేదట. వెనక బెంచీ అమ్మాయి సరిచూసుకుంది. ఆమెకు నిండు మార్కులు. రాత్రి అన్నాల దగ్గర అమ్మ ఆ పిల్ల సరిచూసుకున్న సంగతి నాయినకు రెండుసార్లు చెప్పింది. మూడోసారి కూడా చెబుతుందేమోనని నేను కంచం పట్టుకుని వాకిట్లోకి పోయాను.