ఫలజ్ గట్టున రెండు పిలుపులు

ఆకాశాన్ని పరిచి, భూమి లోపల నీటికి దారులు తీసిన దేవునికి స్తోత్రం. కొండ మీద నిలబడి పాడేవాడి పాటనూ గోతిలో పడినవాడి మూలుగునూ ఒకేలా వినే ఆయనకు మహిమ. ఒక మనిషి ప్రాణం నా ప్రార్థన వల్లే పోబోయిన రోజు గురించి రాస్తున్నాను. నేను వినని చోట ఆయన విన్నాడు గనుకనే ఇది రాయడానికి నాకు చెయ్యి ఆడుతోంది.

పంతొమ్మిదివందల ఎనభైల మధ్యలో నేను ఒమాన్‌లో, బహ్లా దగ్గర ఒక కంపెనీ సైట్‌లో స్టోర్‌కీపర్‌ని. అక్కడ బడి కడుతున్నాం. సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వలు, వాటితోపాటు రెండు పాత సైకిళ్ళు నా అధీనంలో ఉండేవి. సైకిలంటే నాకు ప్రాణం. మా నాన్న కృష్ణా కాలువల వెంట పల్లెపల్లెకూ తిరిగి సువార్త చెప్పిన ఉపదేశి. నా చిన్నతనమంతా ఆయన సైకిలు ముందు కడ్డీ మీద, కాలువ గట్ల మీదే గడిచింది. నీళ్ళ రంగు చూసి ఎగువన ఎక్కడో గట్టు జారిందని చెప్పేవాడాయన. వాక్యమూ, నీటి నడకా రెండూ నాకు ఆ కడ్డీ మీదే వచ్చాయి.

బహ్లాలోనూ కాలువలున్నాయి. ఫలజ్ అంటారు. కొండ అడుగున ఊరిన నీటిని సొరంగంలో మైళ్ళ దూరం నడిపించి, ఊరి దగ్గర పైకి తెచ్చి, ఖర్జూర తోటలకు వంతులవారీగా పారిస్తారు. సొరంగం మీద ప్రతి యాభై అడుగులకూ ఒక బావిలాంటి గొయ్యి ఉంటుంది. లోపల పూడిక తియ్యాలంటే అందులోంచే దిగాలి. గోతుల చుట్టూ తవ్విపోసిన మట్టి దిబ్బలు దూరం నుంచి చీమల పుట్టల వరుసలా కొండ దాకా కనిపిస్తాయి.

బక్రీద్ సెలవుల్లో రెండో రోజు, ఆ ఫలజ్ వెంట కొండ దాకా సైకిళ్ళ మీద పోయివద్దామని నేనే అన్నాను. తోడు వచ్చినవాడు మా సైట్ మేస్త్రీ, కరీంనగర్ వైపు మనిషి. నేను రోజూ రూమ్‌లో ప్రార్థన చేస్తానని నన్ను పాస్టర్ సాబ్ అని ఆట పట్టించేవాడు.

"గీ ఎండల సైకిల్ తొక్కుడు నీకు సెలవా, పాస్టర్ సాబ్? మావోళ్ళు రూమ్‌ల పండుకుని పేకలాడుతున్నరు" అన్నాడు టైరు నొక్కి చూస్తూ.

"నువ్వూ పడుకోకపోయావా మరి?"

"పండుకుంటే ఇల్లు యాదికొస్తదే. పద."

తోటలు దాటేదాకా హాయిగానే ఉంది. పక్కన కాలువ, తల మీద ఖర్జూర మట్టల నీడ. ఆ తర్వాత కాలువ నేలలోకి దిగిపోయింది. ఇక మాకు దారి చూపించేవి ఆ దిబ్బలే. పండగ కావడంతో మనిషన్నవాడు లేడు. మిట్టమధ్యాహ్నం. కొండలు కాల్చిన ఇనుములా ఉన్నాయి. మా నీడలు చక్రాల కిందికి దూరిపోయాయి. ప్రతి గోతి దగ్గరా కాళ్ళకింద ఎక్కడో నీళ్ళు గుసగుసలాడుతున్న చప్పుడు వచ్చేది. పక్క గది నుంచి మాటలు వినిపిస్తున్నట్టుండేది, ఏమంటున్నారో మాత్రం అందేది కాదు.

కొంత దూరం పోయాక ఆ గుసగుస ఆగిపోయింది. చప్పుడు ఆగిందని మాకు తెలియలేదు. ఏదో తప్పిందని మాత్రం ఇద్దరికీ అనిపించింది. ఇద్దరమూ సైకిళ్ళు ఆపాం.

అప్పుడు నేలలోంచి ఒక గొంతు లేచింది.

"ఓ... ఓ..."

దానిలో మాట లేదు. ఏ గోతిలోంచో తెలియలేదు. అన్ని గోతుల్లోంచీ ఒకేసారి వచ్చినట్టుంది. నేను నోరు తెరవబోయాను. మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి వేళ్ళు ఆ ఎండలో చల్లగా ఉన్నాయి.

"పలకకన్నా! నీ కాళ్ళు మొక్కుత, పలకకు. దయ్యం రెండుసార్లే పిలుస్తది. మూడోసారి పిలిచేటిది మనిషి. అప్పుడు పలుకుదాం."

"అవన్నీ నేను నమ్మను" అన్నాను. కానీ పలకలేదు.

రెండోసారి వచ్చింది. ఈసారి సన్నగా, చివర వణుకుతూ. మేస్త్రీ రెండు వేళ్ళు చూపించి "రెండు" అన్నాడు పెదాలతో.

మూడో పిలుపు కోసం ఇద్దరమూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. అది రాకముందే నాకు భయం ముంచుకొచ్చింది. భయమేసినప్పుడు సంఘంలో నేర్పిన పని నేను చేశాను. చెయ్యెత్తి, గొంతెత్తి, ప్రభువు నామంలో అపవిత్రాత్మను గద్దించాను. నోరు మూసుకో అని, లోతుల్లోకి పో అని ఆజ్ఞాపించాను. నా గొంతు గోతుల్లోకి దిగి పదింతలై తిరిగొచ్చింది.

తర్వాత చీమ చిటుక్కుమనలేదు.

"పోయింది" అన్నాడు మేస్త్రీ. మొదటిసారి నన్ను పాస్టర్ సాబ్ అని ఎగతాళి లేకుండా అన్నాడు. "ఏం పవరన్నా నీది!"

నా ఛాతీ ఉప్పొంగిందని ఒప్పుకోవాలి. దేవుడు నా నోట పనిచేశాడనుకుంటూ సైకిలు ఊరి వైపు తిప్పాను. ఇద్దరమూ వెనక్కి చూడకుండా తొక్కాం.

తోటల మొదట్లో కాలువ మళ్ళీ పైకొచ్చే చోట ఆగి, మొహం కడుక్కుందామని వంగాను. నీళ్ళు లేవు. వచ్చేటప్పుడు మోకాలి లోతు పారిన కాలువ అడుగున బురద పొర ఉంది. అందులో వేలెడంత చేపలు పక్కకు పడి కొట్టుకుంటున్నాయి. నోళ్ళు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. వాటికి గొంతు లేదు.

"చూసినవా? దయ్యం నీళ్ళు కూడ గుంజుకపోయింది" అన్నాడు మేస్త్రీ, వెనక్కి జరుగుతూ.

నాకు నాన్న గుర్తొచ్చాడు. దిగువన నీళ్ళు తగ్గాయంటే ఎగువన ఎక్కడో నిలుస్తున్నాయి. సొరంగంలో మట్టి విరిగిపడి నీటికి అడ్డం కట్టింది. మట్టి విరిగిపడితే, దాని దగ్గర ఎవరైనా ఉంటే...

"అది మనిషి" అన్నాను.

"మనిషైతే మూడోసారి పిలవడా?"

"పిలవలేకపోతే? నీళ్ళు గొంతు దాకా వస్తే మూడోసారి ఎట్లా పిలుస్తాడు?"

మేస్త్రీ కాలువ అంచుకు వచ్చి వంగాడు. ఒక్క నిమిషం చేపల్ని చూశాడు. "నేను ఊళ్ళెకు పోత. దుకాణమాయనకు ఉర్దూ వస్తది. తాళ్ళు, మందిని తెస్త. నువ్వు?"

"నేను వెనక్కి పోతాను."

"ఒక్కనివా?" అన్నాడు. నేను సైకిలు కొండ వైపు తిప్పాను. వాడు అప్పటికే సైకిలెక్కాడు.

ఆ దారిలో ఒంటరిగా తిరిగి వెళ్ళినంత సేపూ నాలో రెండు ఆలోచనలు. మనిషైతే నేను హంతకుణ్ణి. మనిషి కాకపోతే అది నా కోసం కాచుకుని ఉంది. ఆ గొంతు విన్న చోట మొదటి గోతి అంచున బోర్లా పడుకుని తల లోపలికి పెట్టి పిలిచాను. "ఎవరన్నా ఉన్నారా?" నా మాటే తిరిగొచ్చింది. రెండో గొయ్యి, మూడోది. తెలుగులో పిలిచాను, హిందీలో పిలిచాను. ఏడో గోతిలో చీకటి నిండుగా ఉంది. నీళ్ళు రాయికి తగిలే చిన్న చప్పుడు. దాని వెనక ఇంకో చప్పుడు. ఊపిరి. ఎవరో తమ ఊపిరి వినపడకుండా దాచుకుంటున్నారు.

"ఎవరు?" అన్నాను. ఊపిరి ఆగిపోయింది.

 లేచి పారిపోదామని మోచేతుల మీద ఆనాను కూడా. లోపలున్నది నన్ను చూస్తోంది, నాకది కనపడదు. మళ్ళీ గద్దించడానికి నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. ఆదివారం ఆరాధన ముగిశాక మా మందిరంలో పక్కవాడి చెయ్యి పట్టుకుని, మీకు సమాధానం, అంటే శాంతి, కలుగును గాక అని చెప్పుకునేవాళ్ళం. అదే దీవెన ఈ నేల మనుషులు ఎదురుపడినప్పుడల్లా చెప్పుకుంటారు. సైట్‌లో రోజూ వింటాను గానీ నా నోటితో ఎన్నడూ అనలేదు. వాళ్ళ మాట నాకెందుకనే పట్టుదల.

గోతిలోకి మెల్లగా అన్నాను. "అస్సలాము అలైకుం."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చీకటి అడుగు నుంచి, పళ్ళు కొట్టుకుంటూ, ముక్కలు ముక్కలుగా జవాబు వచ్చింది. "వ అలైకుం... అస్సలాం..."

నేను ఏడ్చాను. ఏడుస్తూ, వాళ్ళొచ్చేదాకా నాకొచ్చిన ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చెప్పాను. ప్రతిసారీ లోపలి నుంచి జవాబు వచ్చింది. ఎప్పుడైనా ఆలస్యమైతే ఇంకా గట్టిగా పిలిచేవాణ్ణి.

మేస్త్రీ పదిమందిని తెచ్చాడు. తాళ్ళు కట్టి ఇద్దరు దిగారు. లోపలున్నది నడివయసు రైతు. ఆ రోజు నీటి వంతు అతనిది. కాలువ సన్నగిల్లిందని, పండగపూట ఎవర్నీ పిలవకుండా ఒక్కడే పూడిక తియ్యడానికి దిగాడు. మట్టి విరిగి కాళ్ళు తొడల దాకా కూరుకుపోయాయి. పైకి తీసేసరికి నీళ్ళు గడ్డాన్ని తాకుతున్నాయి.

వాళ్ళింటి గుమ్మంలో దుప్పట్లు కప్పి కూర్చోబెట్టాక, అతను దుకాణదారు చెవిలో ఏదో చెప్పాడు. దుకాణదారు పగలబడి నవ్వి మాకు ఉర్దూలో చెప్పాడు. "ఇతను రెండుసార్లు పిలిచాడట. పైన రెండు జిన్నులు తెలియని భాషలో పోట్లాడుకోవడం వినపడిందట. వాటిలో ఒకటి పెద్ద గొంతుతో మంత్రం చదివిందట. పలికితే చంపేస్తాయని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడట!"

అందరూ నవ్వారు. మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పాస్టర్ సాబ్, నువ్వు మంత్రం చదివే జిన్నువన్నమాట!" ఆ రైతు కూడా నవ్వాడు. నాకు కాఫీ గిన్నె అందించాడు. అతని వేళ్ళ మధ్య ఇంకా బురద ఉంది.

నాకు నవ్వు రాలేదు. నోరు మూసుకో అని నేను ఎవరికి ఆజ్ఞాపించానో ఆ నోరు నా ఎదురుగా కూర్చుని ఖర్జూరం తింటోంది. నా ఆజ్ఞ నెరవేరింది. లోతుల్లోకి పో అన్నది కూడా నెరవేరడానికి జానెడు నీళ్ళే తక్కువయ్యాయి.

సాయంత్రం తోటల్లోంచి తిరిగొస్తుంటే కాలువలో మళ్ళీ నీళ్ళు పారుతున్నాయి. చేపలు ఎన్ని బతికాయో తెలియదు. ఇప్పటికీ నిశ్శబ్దంగా ఉన్న చోట ఎవరో ఊపిరి దాచుకున్నట్టనిపిస్తే, మూడోసారి కోసం ఆగను. ముందు నేనే సమాధానం పలుకుతాను.

ఇది చదివినవారు ఒక్క క్షణం తల వంచి నాతోపాటు అడగండి. తండ్రీ, ఆ రైతునూ అతని తోటనూ దీవించు. నీ పేరు మా నోట ఉన్నప్పుడు మా చెవులు మూసుకుపోకుండా చెయ్యి. ఒక్కసారి మాత్రమే పిలవగలిగేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో నీకు తెలుసు. మమ్మల్ని అక్కడికి తిప్పు. ఆమేన్.