అమ్మ ముక్కు కోసం కాఫీ

నేను కాఫీ చేసేది తాగడానికి కాదు, అమ్మ వాసన చూడడానికి. ఈ మాట మా స్టాఫ్‌రూములో చెబితే అందరూ నవ్వారు. అమ్మ అసలు కాఫీ తాగదు. పొద్దున్నే ఒక గ్లాసుడు టీ, అందులో మూడు చెంచాల పంచదార, అంతే ఆవిడకి కావలసింది. అలాంటి మనిషి కోసం నేను చేత్తో నొక్కే ఎస్ప్రెస్సో మిషను ఒకటి తెప్పించుకుని, ప్రతి శనివారం ఎచ్చెర్ల నుంచి భావనపాడు దాకా బస్సులో మోసుకుపోతున్నానంటే, నాకు మతి చెడిందని ఎవరైనా అనుకుంటారు.

సంగతేమిటంటే, వానాకాలంలో అమ్మకి జ్వరం వచ్చింది. పది రోజులకి తగ్గింది గానీ పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. రుచి కొంత తిరిగొచ్చింది, వాసన మాత్రం రాలేదు. టెక్కలిలో చూపిస్తే డాక్టరు రోజూ రెండు పూటలా నాలుగు ఘాటైన వాసనలు చూడమన్నాడు. లవంగం, నిమ్మకాయ, కర్పూరం, కాఫీ. ముక్కుకి మళ్ళీ మొదటి నుంచి నేర్పించాలట. ఎన్నాళ్ళకి వస్తుందని అడిగితే, కొందరికి నెలల్లో వస్తుంది, కొందరికి రాదు అన్నాడు. ఆ రెండో ముక్క నేను విననట్టే ఊరుకున్నాను.

ఇంకొకరికైతే సర్దుకుపోయే సంగతే. కానీ అమ్మ చేసేది ఎండుచేపల బేరం. నన్ను చదివించిందీ, తమ్ముడికి ఇల్లు కట్టిందీ ఆ ముక్కే.

మా ఒడ్డున ఒక పద్ధతి ఉంది. ఇసకలో ఆరబెట్టిన నెత్తళ్ళని ఆడవాళ్ళు గంపలకెత్తి వరసగా పెడతారు. అమ్మ ఒక్కో గంపలో అడుగు దాకా చెయ్యి పెట్టి ఒక చేపని తీస్తుంది. తల దగ్గర విరిచి ముక్కుకి పెట్టుకుంటుంది. తిరిగి గంపలో వేసిందంటే అది మనుషులు తినే సరుకు, సాలూరు లారీలో ఘాటీ ఎక్కి ఒడిశా సంతలకి పోతుంది. కింద పడేసిందంటే ఆ గంప మొత్తం కోళ్ళ దాణాకే. ఎందుకని ఎవరూ అడగరు. అమ్మకంటే ముందు ఆ పని మా నాయనమ్మ చేసేది. నాయనమ్మ చెయ్యి కింద పదేళ్ళు నిలబడ్డాకే అమ్మకి ఆ చోటు దక్కింది.

వాసన పోయిన సంగతి నాకూ అమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. తమ్ముడికి కూడా చెప్పనివ్వలేదు. రోజూ వెళ్తూనే ఉంది, విరుస్తూనే ఉంది, ముక్కుకి పెట్టుకుంటూనే ఉంది. ఎలా నెట్టుకొస్తున్నావని అడిగాను. బాగా ఎండిన చేప టక్కున విరుగుతుందట, వేళ్ళకి తెలుస్తుందట. మిగతాది గంప తెచ్చిన మనిషి కళ్ళలో చూసుకుంటుందట. ఎండలు బాగా కాసినన్నాళ్ళూ అలా నడుస్తుంది. మబ్బు పట్టిందంటే మాత్రం కష్టం. ఉప్పు ఎక్కువ దట్టిస్తే పైకి బాగానే విరుగుతుంది, లోపల మాత్రం పాడై ఉంటుంది. అది ముక్కుకి తప్ప దేనికీ దొరకదు. కొండలో పిల్లలు తింటారు, వాళ్ళకేమైనా అయితే ఆ పాపం నాదే అవుతుంది అనేది అమ్మ. ఆ భయం నన్ను కూడా పట్టుకుంది.

ముందు నేను చిన్న పొట్లాల్లో దొరికే కాఫీ పొడి పట్టుకెళ్ళాను. అమ్మ వాసన చూసి, వేడినీళ్ళు అంది. ఆ పొడిలో వాసనేముంటుంది, చిక్కగా ఎస్ప్రెస్సో తీసి పెట్టండి అని మా స్టాఫ్‌రూములో ఒకావిడ సలహా ఇచ్చింది. అలా కొన్నాను దీన్ని. జానెడు పొడవు గొట్టం. ఒక కొసన చిల్లుల గిన్నెలో పొడి వేసి అదిమి, ఇంకో కొసన మరిగిన నీళ్ళు పోసి, మధ్యలో ఉన్న గుండీని బొటనవేలితో నొక్కుతూ పోవాలి. కరెంటు అక్కర్లేదు, సంచిలో పడుతుంది. చూడగానే ఇదేం పెద్ద విద్య అనుకున్నాను.

మొదటి శనివారం గింజల్ని చేతిమరలో మరీ మెత్తగా విసిరాను. గుండీ దిగలేదు. రెండు చేతులతో నొక్కాను, గోడకి ఆనించి నొక్కాను, చివరికి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పళ్ళు బిగించి నొక్కితే, కింది మూత ఊడి కాఫీ అంతా మరదలు కొత్తగా సున్నం వేసిన గోడ మీద పడింది. రెండోసారి బరకగా విసిరితే నీళ్ళు పొడిని ముట్టుకోనట్టే దిగిపోయి, కప్పులో మురికినీళ్ళు మిగిలాయి. అమ్మ చాప మీద బాసింపట్టు వేసుకుని ఓపిగ్గా కూర్చునేది. నేనేది ఇచ్చినా కప్పు రెండు చేతులతో అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకునేది. తర్వాత నా వైపు చూసి తల అడ్డంగా ఊపేది.

నాకు పట్టుదల పెరిగింది. పుస్తకం పెట్టి రాసుకున్నాను. మా బావి నీళ్ళు ఉప్పన, పనికిరావు. టిన్ను నీళ్ళు కావాలి. గింజలు సముద్రపు గాలికి మెత్తబడతాయి, డబ్బా విప్పిన వెంటనే విసురుకోవాలి. మిషన్ని ముందే వేడినీళ్ళతో వెచ్చబెట్టాలి, లేకపోతే పులుపు దిగుతుంది. పొడి ఒక పక్కకి ఒరిగితే నీళ్ళు ఆ సందులోంచి పారిపోతాయి, అందుకని చదునుగా అదమాలి. మొదట నాలుగుసార్లు నెమ్మదిగా నొక్కి, పొడి తడిసేదాకా ఆగి, అప్పుడు ఒకే జోరున నొక్కాలి. వేలు వాచిపోయేది. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారిపోయేది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున్న కుదిరింది. తేనెలా సన్నటి ధార, పైన గోధుమరంగు నురగ. అరకు గింజల వాసన వసారా అంతా నిండితే, పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి ఏం వండుతున్నారని అడిగింది. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. కమలాతొక్క, వెనకాల మాడబోతున్న బెల్లం. ఆ వాసనల్ని విడదీసి పేర్లు పెట్టగలుగుతున్నందుకు నాకు గర్వంగా కూడా అనిపించింది. పరుగెత్తుకెళ్ళి అమ్మకి ఇచ్చాను. అమ్మ చాలాసేపు కళ్ళు మూసుకుంది.

"ఏడిగా ఉన్నాది," అంది చివరికి.

నాకు కోపం వచ్చింది. నాకది తొందరగానే వస్తుంది. ఇందులో కమలాతొక్క కూడా నాకు తెలుస్తోంది, వారమంతా నువ్వు సరిగా చెయ్యట్లేదన్నాను, లవంగాలు సీసా మూతలోంచే చూస్తున్నావేమో అన్నాను, డాక్టర్నీ తిట్టాను. నేను అరిచింది తన మీద కాదనీ, నా చేతకానితనం మీదేననీ అమ్మకి తెలుసు.

తర్వాతి వారం అమ్మ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇవాళ కుదిరింది, వాసనొచ్చింది అంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ పై వారం పొడి కాస్త మాడువాసన వేసింది. అమ్మ వాసన చూసి, ఇవాళ బాగోలేదు అంది. అదీ నిజమే. బస్సులో తిరిగొస్తూ ఎవరికి చెప్పాలో తెలియక నాలో నేనే నవ్వుకున్నాను. ఇంకో ఆదివారం నేను వంటింట్లో పాలు చూస్తూ, మరదలి చేత కప్పు పంపాను. ఎంతసేపటికీ అమ్మ ఏమీ అనదే. వసారాలోకి వచ్చి చూస్తే, కప్పు ఒళ్ళో పెట్టుకుని నా కోసం గుమ్మం వైపు చూస్తోంది. అప్పుడు నాకు అర్థమైంది. అడిగేశాను.

"నీ మొకం సూసి సెప్పానే," అంది అమ్మ. "అంత కష్టపడి సేస్తన్నావు. రోజూ లేదు లేదు అని ఏటి సెప్పను?"

నేను కప్పు తీసుకెళ్ళి తొట్టిలో ఒంపేశాను. చెయ్యడానికి ఇంకేమీ లేదు, మిషను కడుక్కోవడం తప్ప.

ఆ వారమే ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ మొహమే చూడలేదు. ఆడవాళ్ళు నెత్తళ్ళ మీద టార్పాలిన్లు కప్పి కాపలా కాశారు. ఆదివారానికి తెరిపిచ్చింది, సాలూరు లారీ వచ్చి ఒడ్డున ఆగింది. నేను మిషను తుడుస్తుంటే అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఈయాల నువ్వు నాతోటి రా. నాను ఇరిసి నీకిస్తాను, నీకు నేర్పిస్తన్నట్టు. నువ్వు సూడు. బాగుంటే నా కాసి సూడు. బాగోపోతే సముద్రం కాసి సూడు. మరేటీ అనక్కర్లేదు."

నాకేం తెలుసమ్మా అన్నాను. నా కడుపున పుట్టావు, తెలియకపోవడం ఏమిటి, అంత కాఫీలో కమలాతొక్క పట్టావు కదా అంది. ఆవిడకి అందులో సందేహమే లేదు. మా ఒడ్డున పుట్టిన ఆడపిల్లకి అది ఎవరూ నేర్పనక్కర్లేదని అమ్మ నమ్మకం.

అమ్మకి తెలియనిది ఒకటుంది. శ్రీకాకుళం హాస్టల్లో చేరిన మొదటి నెల నా పక్క మంచం అమ్మాయి, నా పెట్టె తెరిచినప్పుడల్లా ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకునేది. నేను బట్టలు రెండేసిసార్లు ఉతికాను. సెలవులకి ఇంటికి వస్తే నోటితో గాలి పీల్చుకోవడం అలవాటు చేసుకున్నాను. అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నప్పుడు కూడా ఊపిరి బిగబట్టేదాన్ని. ఇరవై ఏళ్ళు అలాగే గడిపాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఒడ్డున గంపలు వరసగా ఉన్నాయి. మొదటిది నాకు పిన్ని వరసయ్యే ఆవిడది. చలికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, మూడు రోజులు నిద్రలేదనుకుంటాను. అమ్మ అడుగు దాకా చెయ్యి పెట్టి ఒక నెత్తలిని తీసి, విరిచి, తన ముక్కుకి పెట్టుకుని, నాకిచ్చింది. నేను గట్టిగా పీల్చాను. మళ్ళీ పీల్చాను. ఎండుచేప వాసన. అంతే. అందులో మంచిదేది, చెడ్డదేది, కిందేముంది, పైనేముంది, ఏమీ తెలియలేదు. ఇంకో గంపలోది ఇచ్చింది. అదీ అంతే. కమలాతొక్కా బెల్లమూ విడదీసిన ముక్కుకి మా అమ్మ బతుకంతా ఒక్కటే వాసనగా తోచింది. అమ్మ వైపు చూడలేను, సముద్రం వైపూ చూడలేను. నా కాళ్ళ వైపు చూశాను.

అమ్మ నా మొహం చదివింది. ఆ విద్య ఆవిడకి పోలేదు. నా చేతిలోంచి పిన్ని గంపలోని చేప తీసుకుని తన అరచేతిలో పెట్టుకుంది.

"నాకు వాసన తెలవట్లేదు," అంది అందరికీ వినబడేలా. "వానాకాలం కాడ్నించీ లేదు. దీనికీ తెలీదు. మీ సరుకు మీరే సూసుకోండి."

పిన్ని ముందుకొచ్చింది. అమ్మ అరచేతిలోంచి చేప తీసుకుని, తన ముక్కుకి పెట్టుకుని, తన గంప ముందే కింద పడేసింది. ఆ తర్వాత ఒకరి గంప ఇంకొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. అమ్మకి అక్కడ పని లేకుండా పోయింది. చేతులు చీరకి తుడుచుకుని, ఏం చెయ్యాలో తెలియక కాసేపు నిలబడింది. నేనూ పక్కనే నిలబడ్డాను.

ఇద్దరం ఇంటికి నడిచొచ్చాం. మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళాలి నేను. మిషను సంచిలో అడుగున పెట్టేశాను, ఇంక తేకూడదనుకున్నాను. తెల్లవారుజామున చెప్పులు వేసుకోబోతుంటే అమ్మ చాప పరిచింది. ఇవాళ అది నొక్కవా అని అడిగింది. ఎందుకమ్మా అంటే, డాక్టరు రోజూ అన్నాడు కదా అంది.

తీశాను. నీళ్ళు మరగబెట్టి, మిషను వెచ్చబెట్టి, గింజలు విసిరి, పొడి అదిమి, నాలుగుసార్లు నెమ్మదిగా నొక్కి ఆగి, తర్వాత ఒకే జోరున నొక్కాను. బాగా కుదిరింది. మొహం పక్కకి తిప్పుకుని కప్పు అందించాను. అమ్మ కొంగు ముడి విప్పింది. అందులో రెండు నెత్తళ్ళున్నాయి, నిన్నటివి, ఒడ్డున ఆడవాళ్ళు తేల్చిన వేరువేరు గంపల్లోవి. ఒకటి మంచిది, ఒకటి కాదు అని చెప్పి నా చేతిలో పెట్టింది. ఏది ఏదో చెప్పలేదు.

అమ్మ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను చేపల్ని పెట్టుకున్నాను, నోరు మూసుకుని. ఇద్దరం కళ్ళు మూసుకున్నాం. బస్సు హారన్ కొట్టుకుంటూ వీధి చివర్నుంచి వెళ్ళిపోయింది.

"ఏటైనా తెలిసిందా?" అని అడిగింది అమ్మ.

"లేదమ్మా. నీకో?"

"నాకూ లేదు," అని, కప్పు కింద పెట్టకుండా మళ్ళీ కళ్ళు మూసుకుంది.