ఉప్పు చూసే అక్క

రంజాన్ నెలలో రోజా ఉన్న మనిషి వంట చేస్తే ఉప్పెవరు చూడాలి? ఇందుకూరుపేటకు సముద్రం వైపున్న ఆ పల్లెలో ఈ మాట చంటిపిల్లల్ని అడిగినా చెపుతారు. ఆదిశేషమ్మ చూస్తుంది.

వంట మాత్రం అక్తరున్నీసాది. పెళ్ళికైనా, ఓణీల ఫంక్షనుకైనా, కొత్తింట్లో పాలు పొంగించినా, ఆ చుట్టుపక్కల గరిటె పట్టేది ఆమే. భర్త దరియావలి పేరున్న వంట మాస్టరు. ఆయన పోయినప్పుడు, ఆ రాగి డేగిసాలు ఇంకెందుకు, అమ్మేసుకోమని ఊరంతా సలహా ఇచ్చింది. ఊళ్ళో సలహాలకు కరువెప్పుడుంది గనక! అమ్మొద్దని చెప్పింది ఒక్క ఆదిశేషమ్మే. మొగుడు పోయిన ఆడది గడప దాటకుండా ఉండే ఇద్దత్ నెలల్లో, ఆ డేగిసాలను బండికెత్తించుకుపోయి కళాయి పూయించి తెచ్చి పెట్టింది కూడా ఆవిడే. ఆ డేగిసాలతోనే అక్తరున్నీసా కూతురు షబానాను డిగ్రీ చదివించింది. నలుగురు ఆడవాళ్ళకు పని చూపించింది.

రంజాన్ నెల వచ్చిందని వంటలు ఆగవు. నాలుక కొసకు తగిలించి ఉమ్మేస్తే తప్పు లేదని కొందరంటారు గానీ, అక్తరున్నీసాకు మనసొప్పదు. అందుకని ఆ నెలంతా పక్కింటి ఆదిశేషమ్మ వస్తుంది. వరి పండే మడి ఉన్న ఇల్లు ఆవిడది. కూలి మాటెత్తితే కొట్టినంత పని చేస్తుంది. డేగిసా మూత తీయగానే అరచెయ్యి చాపి, పులుసు పోయించుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు అందరినీ ఊరించి అప్పుడు తీర్పు చెపుతుంది. శనివారం ఏడుకొండలవాడి వారం కాబట్టి నీసు ముట్టదు. ఆ రోజు బిర్యానీకి ఆవిరి వాసన చూసే తీర్పు. శనివారం విందులో ఉప్పు కాస్త అటూ ఇటూ అయితే ఊరివాళ్ళు దేవుడి మీదికి నెట్టేసి తినేస్తారు.

ఇలా ఉండగా, పోయిన రంజాన్‌కు ముందు రొయ్యల కంపెనీ నుంచి కబురొచ్చింది. షెడ్డులో పనిచేసేవాళ్ళకు మధ్యాహ్నం భోజనాలు కావాలన్నారు. పెళ్ళిళ్ళ వంట సీజన్ వంట. మూఢం వచ్చిందంటే పొయ్యిలో పిల్లి పడుకుంటుంది. ఇది అలా కాదు, ఏడాది పొడుగునా పని. అయితే ఫుడ్ లైసెన్సు ఉండాలి. పండగ లోపల చూపించకపోతే టౌను నుంచి వేరే కేటరింగ్ వాళ్ళను పిలుచుకుంటామని కంపెనీవాళ్ళు ముందే చెప్పేశారు.

షబానా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టింది. బోరు నీళ్ళు పరీక్షకు పోయాయి, బాగున్నాయని తిరిగొచ్చాయి. వంటసాలకు సున్నం కొట్టించారు, కిటికీలకు దోమల జాలీ వేయించారు. పనివాళ్ళందరికీ డాక్టరు సర్టిఫికెట్టు కావాలంటే అందరూ ఆసుపత్రికి కదిలారు. చేపల బేరంలో ఎంతటివాళ్ళనైనా నిలబెట్టి కడిగేసే ధనలక్ష్మి, సూది చూసి బావురుమంది.

చివరికి, రోజాలు నడుస్తుండగా, తనిఖీ రోజు వచ్చింది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు కరుణాకుమారి నెమ్మదైన మనిషి. మూలమూలా చూసింది, తల ఊపింది. ఆ రోజు పొయ్యి మీద మామిడికాయ వేసిన చేపల పులుసు ఉడుకుతోంది. అక్తరున్నీసా ఇక గండం గడిచిందనుకుంది. సరిగ్గా అప్పుడే పెరటి వాకిట్లోంచి ఆదిశేషమ్మ వచ్చి, తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, అలవాటుగా అరచెయ్యి చాపింది.

ఈవిడెవరని ఆఫీసరు అడిగింది. పక్కింటి అక్క, ఉప్పు చూస్తుందని అక్తరున్నీసా చెప్పింది. మరి ఈవిడ సర్టిఫికెట్టు ఏదని ఆఫీసరు మళ్ళీ అడిగింది.

వంటలో చెయ్యి పెట్టేవాళ్ళ పేర్లు చెప్పమని షబానా అడిగిన రోజున అక్తరున్నీసా నోటికి ఆదిశేషమ్మ పేరు రానేలేదు. పక్కింటి అక్కను పనివాళ్ళలో ఎవరైనా లెక్కేస్తారా? మనవాళ్ళు చేసే తప్పుల్లో సగం మర్యాద కొద్దీ చేసేవే. ఆఫీసరు కోప్పడలేదు. ఆవిడకు సర్టిఫికెట్టయినా తెప్పించండి, వంటసాలలోకి రాకుండానైనా చూడండి, అప్పటిదాకా లైసెన్సుకు నేను రాయలేను, మళ్ళీ వస్తాను అని చెప్పి వెళ్ళిపోయింది. ఆదిశేషమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, వచ్చిన దారినే పోయింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రావద్దంటే డేగిసాలు నిలబెట్టిన మనిషిని గెంటినట్టు. పనివాళ్ళలో చేరి పరీక్షలు చేయించుకోమంటే, రైతు ఇంటి ఇల్లాలిని కూలి కిందికి దించినట్టు. మర్నాడు ఆదిశేషమ్మ రాలేదు. అక్తరున్నీసా చేయి ఉప్పు డబ్బా దగ్గరే ఆగిపోయింది. లైసెన్సు రాకపోతే నలుగురి పని పోతుంది, నిజమే. అంతకంటే అక్క మనసు విరిగిందేమోనన్న భయం ఆమెను ఎక్కువగా తినేసింది. రోజా విడిచాక గిన్నెలో గంజి పోసుకుని పక్కింటికి పోతే తాళం వేలాడుతోంది.

తెల్లవారి పెరటి వాకిట్లో ఆదిశేషమ్మ నిలబడి ఉంది. చేతిలో ఆసుపత్రి కాగితాలు.

"నన్ను అడగను నోరు రాలేదా మే నీకు?"

"పనోళ్ళలో నీ పేరు ఎట్ట రాయించేదక్కా? బావ ఏమనుకుంటాడో అని..."

"మీ బావే బండి మీద నెల్లూరికి తీసకపోయినాడు. ఈడ ఉప్పు చూసే పని పోతే, ఇంట్లో కూచోని ఆయన తినే కూరకు వంకలు పెడతానని ఆయన భయం."

బావంటే ఆదిశేషమ్మ భర్త హజరత్తయ్య. దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని తల్లి పెట్టుకున్న పేరు. అక్తరున్నీసా నవ్వబోయి ఏడ్చేసింది. ఈ జన్మలో నీ రుణం తీర్చుకోలేనక్కా అంది. తీర్చమని ఎవరడిగారని ఆదిశేషమ్మ కసిరింది.

రెండోసారి వచ్చిన ఆఫీసరు, ఈవిడ పని ఏమని రాయాలని అడిగింది. హెల్పరని షబానా చెప్పబోతే ఆదిశేషమ్మ ఒప్పుకోలేదు. ఉప్పు చూసే మనిషినని రాయించుకుంది. పండగ ముందే లైసెన్సు వచ్చింది. షబానా దాన్ని అద్దం కట్టించి వంటసాల గోడకు తగిలించింది.

పండగ వెళ్ళాక కంపెనీ వంట మొదలైంది. తొలిరోజు కోడికూర. రోజాలు అయిపోయాయి, ఇక ఉప్పు తానే చూసుకోవచ్చు. అక్తరున్నీసా గరిటెతో కాస్త తీసి, నోటిదాకా తెచ్చి, ఆగి, గోడ మీదుగా కేకేసింది.

"అక్కా, వచ్చి ఉప్పు చూడు."

"రోజాలు అయిపోయినాయి గదా మే?"

"అయిపోయినాయి. అయినా నీ పని నేను చేస్తే తప్పుగదా. ఆఫీసరమ్మ రాసుకోని పోయింది."

ఆదిశేషమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చింది. ఆ రోజు శనివారం. డేగిసా మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఆవిరి పీల్చి, సరిపోయిందంది. అక్తరున్నీసా గరిటెలోది తిరిగి డేగిసాలో పోసి, మూత పెట్టించి బండి ఎక్కించింది.