టీచరు గారి కింది అర

పోయిన నెల ఓ ఆదివారం పొద్దున మొవ్వ నుంచి ఫోనొచ్చింది, టీచరు గారు పోయారని. ఎనిమిదో తరగతిలో నాకు సైన్సు చెప్పిన మనిషి. రిటైరయ్యాక పెరట్లో తేనెటీగల పెట్టె పెట్టుకుని, నలభై దాటిన నాకు మళ్లీ పాఠం మొదలుపెట్టారు. ఆవిడ గురించి మంచి మాటలే రాద్దామని కూర్చున్నాను. కానీ ఆవిడ పోయాక బంధువులంతా ప్రార్థనకు చేరిన ఆదరణ కూడిక నాటి సంగతే ముందు గుర్తొచ్చి ఒళ్లంతా కంపరమెత్తుతోంది.

సెలవు రోజుల్లో గుడివాడలో బస్సెక్కి మొవ్వలో ఆవిడ ఇంటికి వెళ్లేదాన్ని. ఆవిడ ఎండకు వీపు పెట్టి, వెలుతురు భుజం మీదుగా తేనెపట్టు గదుల్లో పడేలా చెక్క ఫ్రేము పట్టుకునేవారు. నేను పెట్టె తెరవగానే రాణి ఈగ కోసం వెతికేదాన్ని. కనబడకపోతే చచ్చిపోయిందేమోనని కంగారు. ఆవిడ విసుక్కునేవారు.

"రాణి మొహం చూసి ఏం చేస్తావమ్మా? ఆవిడ పని చూడు. గదికో గుడ్డు, అడుగున నిలబడి ఉందంటే ఇవాళో నిన్నో పెట్టినట్టే. ఇంట్లోనే ఉందన్నమాట."

ఒక్కో గదిలో మూడు నాలుగు గుడ్లు గోడలకు అంటుకుని ఉంటే మాత్రం రాణి లేదని, కూలీ ఈగలే పెడుతున్నాయని, వాటికి పోతుటీగలు తప్ప పుట్టవని చెప్పారు. పై అరలో తేనె మనది, కింది అరలో పిల్లలు వాటివి అనేవారు. కింది అరలో ఎప్పుడూ కత్తి పెట్టలేదు. తేనె లేకపోతే ఎవరడిగినా లేదనేసేవారు. మొహమాటం లేని మనిషి.

నాకుంది ఆ మొహమాటం. కూడికలో భోజనాలయ్యాక ఆవిడ మరిది గారు కళ్లెదుట పిండిన ఒరిజినల్ తేనె కావాలన్నారు. పై అర ఖాళీగా ఉందని నేనంటే, కింది పట్టు బరువుగా ఉంది కదా, నిండా తేనే అన్నారు. మూతలేసి ఉన్నవి పిల్లలండీ అని ఒక్కసారి అన్నాను. చావింట్లో వాదనేమిటని ఊరుకున్నాను. ఈగలు మీద పడకుండా పొగ పెట్టింది కూడా నేనే. పట్లు కోసి, గుడ్డలో వేసి, స్టీలు గిన్నెలోకి పిండారు. తెల్లటి పురుగులు చితికి పాలలాంటి రసం కారింది. వడకట్టాం కదా అని తలా ఓ సీసా పట్టుకున్నారు. ఒకాయన వేలితో నాకి, మంచి బలం అన్నాడు. గుడ్డ విప్పితే పిప్పిలో పొడుగాటి నల్ల ఈగ ఉంది. ఇన్నేళ్లలో నాకు స్పష్టంగా కనబడిన మొదటి రాణి అదే. దొడ్లోకెళ్లి కక్కుకున్నాను. వాళ్లను చూస్తే ఎంత రోత పుట్టిందో, నన్ను నేను తలుచుకుంటే అంతకంటే ఎక్కువ పుట్టింది.

నాలుగో రోజు మళ్లీ వెళ్లాను. పెట్టెలో ఈగలు సగం కూడా లేవు. ఫ్రేము మూలన కత్తి తప్పిన పట్టు ముక్క అరచేతి మేర మిగిలింది. దాని అంచున వేరుసెనక్కాయంత కొత్త గది కిందికి వేలాడుతోంది. రాణి లేదని తెలిసి, మిగిలిన పిల్లల్లో ఒకదాన్ని రాణిని చేసుకోవడానికి కడుతున్నాయి. ఈగలు దాన్ని గుంపుగా కప్పేశాయి. లోపలి పిల్ల బతికుందో లేదో చూడాలనిపించింది. పొగ పెట్టిన చెయ్యి అక్కడ పెట్టబుద్ధి కాలేదు. గది కొసన ఒక్క ఈగ తల దూర్చి మైనం అద్దుతూనే ఉంది.