చేతులెత్తమన్న ఏడాది

కోయంబత్తూరు మిల్లులో నూలును చిలపలుగా చుట్టే పని నాది. చదివింది మూడో తరగతి, అదీ అరవంలో. మా మిల్లు కూలీల సంఘంలో సగం మందికి అక్షరం రాదు గనుక గింజలతో ఓటు వేసేవాళ్ళం. కావాలంటే చింతగింజ, వద్దంటే ఆముదం గింజ. మూతిమీద గుడ్డ కప్పిన కుండలో గుప్పిట దూర్చి వదిలితే ఎవరిదేదో ఎవరికీ తెలియదు. ఫిర్యాదులు వినే ముగ్గురు పెద్దల్నీ అలాగే ఎన్నుకునేవాళ్ళం. మేస్త్రీలు సైతం వాళ్ళకు జంకేవారు.

అప్పుడొచ్చాడు కొత్త నాయకుడు. మా లైను ఇళ్ళకు నీళ్ళ కొళాయి తెప్పించాడు. జేజేలు కొట్టాను. బిందెలు మోసి అరిగిన నడుము నాది మరి.

తర్వాతి సభలో, "కుండ ఏంటికమ్మా? మనలో మనకు దాపరికమా? చేతులెత్తండి, చాలు" అన్నాడు. గింజలు లెక్కపెట్టే పూట మిగులుతుందని నాకూ నచ్చింది. ఆ ఎత్తిన చేతులతోనే ముగ్గురు పెద్దల్నీ తీసేశాం. ఇకమీదట ఏ ఫిర్యాదైనా నేరుగా తనకే చెప్పమన్నాడు.

నా ఆడబిడ్డ లేచింది. ఇద్దరు పిల్లలున్న విధవరాలు. కిటికీ పక్క మిషను ఆమెది.

"అణ్ణా, నీ మిందే ఫిర్యాదుంటే ఎవరికాడికి పోవాల?"

"అక్కకు మొదలాళి ఇంట్లో విందు పడినట్టుండాది!" అన్నాడు, మిల్లు యజమానికి అమ్ముడుపోయిందని ఎత్తిపొడుస్తూ. అందరం నవ్వాం. "ఈ అక్క మనకు వద్దనేవాళ్ళు చేతులెత్తండి."

సంఘం వెలివేస్తే ఆ మిల్లులో పని ఉండదు. అది నాకు తెలుసు. ఆమె నావైపే చూసింది. ఎత్తాను. అందరికన్నా ఆఖరున కూడా కాదు.

"చాలు వదినా, దించు. చెయ్యి నొస్తాది" అంది.

పిల్లల్ని బడి మాన్పించి, అవినాశి ఊరి దగ్గర పొలాల్లో కూలికి పోయింది. కిటికీ పక్క మిషను నాకిచ్చారు. గాలి బాగా తగిలేది.

ఏడాది తిరక్కుండా నాయకుడి బావమరిది మేస్త్రీ అయ్యాడు. పోగు తెగిందని, అప్పుడే పనిలో చేరిన నా కూతుర్ని చెంప వాచేలా కొట్టాడు. నాయకుడింటికి పోయాను.

"వాని మింద చెప్తే నా మింద చెప్పినట్టే. నా మింద చెప్తే జనం మింద చెప్పినట్టే. సభ పిలవమంటావా అక్కా?" అన్నాడు, నవ్వుతూనే.

వద్దన్నాను. ఇంటికొచ్చి, తప్పు నీదేనని కూతురికి చెప్పాను. మరునాడు నేనే తీసుకుపోయి, కొట్టినవాడి కాళ్ళు పట్టించాను.