ఈరన్న దగ్గరికి

ఆదోని బ్యాండు మేళంలో శాక్సఫోన్ ఊదేవాడి పేరు బజారి. ఎండిన మొహం. బుగ్గలు మాత్రం ఊదీ ఊదీ సంచుల్లా జారిపోయాయి. నోట పెట్టుకునే ముందు వాయిద్యానికి ఉరుకుంద ఈరన్న స్వామి గుడి విభూతి పూస్తాడు. సినిమా పాట ఎత్తుకుంటాడు గానీ, సగంలో కళ్లు మూసుకుని, పాట వదిలేసి ఎటో వెళ్లిపోతాడు. అంతకుముందు ఎవరూ వినని వరసలు వస్తాయి. "అన్న ఈరన్న దగ్గరికి పోయినాడు" అంటూ డ్రమ్ము కొట్టే ఖాజా ఒకే దరువు మీద కాచుకుని ఉంటాడు. పాటలోకి తిరిగొచ్చేసరికి బజారి కళ్లు తడిగా ఉంటాయి.

శ్రావణంలో కూతురికి జ్వరం ముదిరితే ఉరుకుందకు పోయి మొక్కుకున్నాడు. బిడ్డ దక్కలేదు. నెల తిరిగాక ఎమ్మిగనూరు పెళ్లిలో ఎప్పటిలాగే విభూతి పూశాడు, పాట సగంలో కళ్లు మూశాడు. ఖాజా దరువు పట్టుకుని ఎదురుచూశాడు. శాక్సఫోన్ కాసేపు మూగబోయి, మళ్లీ ఆ సినిమా పాటనే అందుకుంది. పెళ్లికొడుకు తండ్రి వచ్చి బజారి భుజం తట్టాడు.

"ఈ పొద్దు అచ్చం సినిమాలో మాదిరే ఊదినావప్పా!"

ఊరేగింపు ముగిశాక ఖాజా మెల్లగా అడిగాడు. "ఏమన్నా, ఈ పొద్దు ఈరన్న దగ్గరికి పోలేదే?"

బజారి తువ్వాలుతో వాయిద్యం మీది విభూతి తుడుస్తూ అన్నాడు.

"పోయినాను రా ఖాజా. ఆయప్పే ఆడ లేడు."